ఎండబెట్టిన పడవ

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ లేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు, పాత జబ్బు గురించి చెప్పుకున్నట్టు చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరు ఏ పని గురించి అడిగినా "వచ్చండి" అనే మాట నా నోట్లోంచి నన్నడక్కుండానే బయటికి వచ్చేసేది. మోటారు విప్పడం వచ్చా అంటే వచ్చు. టీవీ బాగుచెయ్యడం వచ్చా అంటే వచ్చు. (ఆ టీవీ తర్వాత ఎవరికీ బాగుపడలేదు, అది వేరే సంగతి.) ఇప్పుడు నలభై దాటాక చూసుకుంటే నాకు నిజంగా వచ్చిన పనులు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ బొటనవేలు ఖాళీగా మిగులుతుంది. ఈ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదుగాని, ఎక్కడ మొదలైందో మాత్రం నాకు బాగా గుర్తు. కొత్తపట్నం దగ్గర ఉప్పు కాలవలో, మొలలోతు నీళ్ళలో, నలుగురూ చూస్తుండగా మొదలైంది.

మాది ప్రత్తిపాడు. మా ఇంటి పని దూది ఏకడం, పరుపులు కుట్టడం. మా తాత భుజాన దూదేకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాడట. నాన్న హయాం వచ్చేసరికి తిరుగుడు తగ్గి బస్టాండు పక్కన కొట్టు వెలిసింది. నా హయాం వచ్చేసరికి (వచ్చిందని నేననుకునేవాణ్ణి, నాన్న ఒప్పుకునేవాడు కాదు) గుంటూరు నుంచి ఫోము పరుపులు దిగి, పెళ్ళివాళ్ళు కూడా మమ్మల్ని దాటి వెళ్ళిపోవడం మొదలెట్టారు. నాన్న వాటి పేరు పలికేవాడు కాదు, "ఆ స్పాంజి ముక్క" అనేవాడు. మా కొట్లో నియమాలు రెండే. పరుపు మీద కొనేవాడు పిడికిలితో గుద్దితే పిడికిలికి నొప్పి పుట్టాలిగాని పరుపు గుంటపడకూడదు, అంత గట్టిగా కూరాలి. కొట్టుకొచ్చిన మనిషిని "మాకు రాదు" అని వెనక్కి పంపకూడదు. నాన్న ఈ రెండోది దిళ్ళు, బొంతలు, సోఫా మెత్తల వరకే చెప్పాడు. నేను దాన్ని లోకానికంతటికీ వర్తింపజేశాను.

మాఘమాసంలో ఒక పొద్దున మా కొట్టు ముందు ఒంగోలు కారొకటి ఆగింది. అందులోంచి తెల్ల చీర, పొట్టి జుట్టు, మోకాళ్ళ నొప్పితో ఒక పెద్దావిడ దిగారు. రిటైరైన డాక్టరు. ఆవిడ గొంతు వింటే చాలు, పక్కింటివాళ్ళు కూడా నాలుక చాపి చూపించేలా ఉంటుంది. "చేత్తో దూది ఏకేవాళ్ళు ఇంకా ఉన్నారన్నారు, మీరేనా?" అని అడిగారు. నాన్న చేతులు దులుపుకుని లేచి నిలబడ్డాడు. పిక్క తీసిన మంచి పత్తి, మిషను ముట్టనిది, సన్నటి పొడుగాటి పోగులుగా పేనినది కావాలన్నారావిడ.

"దీపాల వత్తులకామ్మా?" అన్నాడు నాన్న.

"కాదు, పడవకి."

నాన్న ఆవిడ వంక చూసి, తర్వాత రోడ్డు వంక చూశాడు. మా ఊరి నుంచి ఏ దిక్కుకి చూసినా కనిపించేది పత్తి చేలు, మిరప చేలు, వాటి మధ్య ఎండిన కాలవలు.

అప్పుడు డాక్టరమ్మ గారు స్టూలు మీద కూర్చుని అసలు సంగతి చెప్పారు. వాళ్ళ నాన్నగారు ఓడరేవులో ఇంజనీరుగా చేసే రోజుల్లో, దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర చెక్కతో చేసిన తెరచాప పడవొకటి కొన్నారట. చేపలు పట్టేది కాదు, సరదాగా షికారు తిరిగేది. దాన్ని యాట్ అనాలట. (మేం చివరిదాకా పడవే అన్నాం.) ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడే ఆ పడవలో కూర్చోబెట్టి చుక్కాని పట్టడం నేర్పారట. దాని వెనక చెక్క మీద ఆవిడ ముద్దుపేరు, 'చిట్టి' అని రాయించారట. ఆయన పోయాక పడవ ఒంగోల్లో వాళ్ళ స్థలంలోని రేకుల షెడ్డుకి చేరింది. ముప్ఫై ఏళ్ళుగా నీటి చుక్క ఎరగదు. ఇప్పుడా స్థలం అమ్ముతున్నారు. ఆవిడ తమ్ముడు, ప్లీడరు గారు, పడవకి కూడా ఒక బేరం తెచ్చారు. హైవే మీద కొత్తగా కడుతున్న డాబా ముందు దాన్ని నిలబెట్టి, చుట్టూ ఫౌంటెన్ పెట్టి, అందులో పిల్లల్ని కూర్చోబెట్టి బిర్యానీ పెడతారట. "మా నాన్న పడవలో బిర్యానీ" అన్నారావిడ. అక్కాతమ్ముళ్ళ మధ్య చివరికి కుదిరిన ఒప్పందం ఇది: శ్రావణమాసంలో డాబా ప్రారంభం. ఆలోగా పడవ నీళ్ళలో తేలి, ఆవిడని ఎక్కించుకుని కాలవ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెళ్ళొస్తే పడవ అక్కది. లేదంటే డాబాది.

"కొత్తపట్నంలో ఇప్పుడన్నీ ఫైబరు పడవలే. చెక్క పడవ పని తెలిసినవాళ్ళు దొరకట్లేదు. బల్లల మధ్య సందుల్లో దూది పెట్టాలని నాన్నగారి కాగితాల్లో రాసుంది. దూదైనా మంచిది సంపాదిద్దామని వచ్చాను" అన్నారు.

నాన్న పత్తి నాణ్యం గురించి ఏదో చెప్పబోయాడు. నేను ముందుకొచ్చాను.

"దూదొక్కటే ఎందుకండీ, పనంతా మేమే చేసిపెడతాం."

"నీకు పడవ పని వచ్చా?"

"వచ్చండి."

వెనకాల నాన్న సూది వేల్లో గుచ్చుకున్న చప్పుడు నాకు వినిపించింది. (సూదికి చప్పుడుండదు. నాన్నకుంటుంది.) ఆవిడ కారు వెళ్ళాక నాన్న నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఒరేయ్, నువ్వు పడవ ఎప్పుడన్నా చూశావంట్రా?" అన్నాడు. విజయవాడ వెళ్ళినప్పుడు బ్యారేజీ మీద నుంచి బస్సు కిటికీలో చూశానన్నాను. నిజమే చెప్పాను.

చెక్క పనికి బండ్ల బాబాయిని పట్టుకున్నాను. ఆయన మా ఊరి వడ్రంగి, ఒకప్పుడు చుట్టుపక్కల ఎడ్లబండ్లన్నీ ఆయన చేతివే. ట్రాక్టర్లు వచ్చాక తలుపులు, కిటికీలు చేసుకుంటూ, లోపల్లోపల కుమిలిపోతూ ఉండేవాడు. పడవ అనగానే కళ్ళు మెరిశాయి. "చక్రాల్లేని బండనుకో. అంతేగా!" అన్నాడు. ఇద్దరం కలిసి ఆ మాటకి చాలాసేపు ఆనందించాం. మాలో మూడోవాడెవడైనా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

షెడ్డు ఖాళీ చెయ్యాలి కాబట్టి పడవని లారీ మీద మా ఊరికే తెప్పించాం. అది బస్టాండు సెంటర్లోకి వచ్చినప్పుడు ఆగిన టీలు, ఆగిన బస్సులు, ఆగిన తగాదాలు నాకింకా కళ్ళకి కట్టినట్టున్నాయి. "ఏరా, సముద్రం గాని ఇటు జరుగుతోందా? మాకూ ఒక మాట చెప్పకూడదా?" అని అడగనివాడు లేడు. మిరపకాయల సీజను అయిపోయి ఊరి చివర కల్లాలు ఖాళీగా ఉన్నాయి. అందులో ఒక కల్లంలో దించాం. దించాక తెలిసిందేమిటంటే, ఒంగోలు షెడ్డుని మధ్యలో కొన్నాళ్ళు ఒక మిర్చి వ్యాపారికి అద్దెకిచ్చారట. ఆయన ఆ పడవ కడుపు నిండా మిర్చి బస్తాలు పేర్చుకున్నాడట. బండ్ల బాబాయి మొదటిసారి చిత్రిక పెట్టి ఒక్క లాగు లాగేసరికి ఏళ్ళనాటి కారం పైకి లేచింది. ఆయన ఏడు తుమ్ములు తుమ్మి, ఆగి, బాడిస అందుకుని, ఇంకో ఏడు తుమ్మాడు. ఆ తర్వాత రెండు నెలలూ మా పనికి తాళం ఆ తుమ్ములే. డాక్టరమ్మ గారు ఆదివారాలు వచ్చి చూసేవారు. మేం ఆవిడకి సంగతులు విన్నవించేవాళ్ళం. "చిట్టికి అడుగున పురుగు పట్టిందండీ. చిట్టికి పక్కటెముకలు రెండు మార్చాలండీ" అని బండ్ల బాబాయి గౌరవంగా చేతులు కట్టుకుని చెబుతుంటే ఆవిడ నవ్వాలో మందలించాలో తెలియక కళ్ళజోడు తుడుచుకునేవారు.

ఇక మా ఘనకార్యానికి వస్తాను. మాది మిరపకాయల సీమ, పత్తి సీమ. మాకు పుట్టుకతో వచ్చే జ్ఞానం ఒక్కటే, తడి శత్రువు. కాయలో చెమ్మ ఉంటే బూజు పడుతుంది, పత్తిలో చెమ్మ ఉంటే ముక్కిపోతుంది, దూది తడిస్తే పరుపు పాడు. ఏ సరుకైనా బాగా ఎండాలి, ఊపితే గింజలు గలగలమనాలి. అంచేత పడవని చూడగానే ఇద్దరికీ ఏకకాలంలో ఒకే ఆలోచన వచ్చింది. దీన్ని ముందు శుభ్రంగా ఎండబెట్టాలి. పైన కప్పిన టార్పాలిన్ లాగేసి, వైశాఖమాసం ఎండలో, నేల మీద కాలు పెట్టలేని కల్లంలో, నెల రోజుల పైన ఎండబెట్టాం. ఒక పక్క ఎండాక పదిమందిని పిలిచి రెండో పక్కకి తిప్పాం, మిరపకాయలు తిరగేసినట్టు. రోజూ సాయంత్రం బండ్ల బాబాయి వచ్చి వేలి మెటికతో కొట్టి, చెవి ఆనించి, "ఇంకా ఎండాలి" అనేవాడు. ఒకరోజు కొడితే డప్పులా మోగింది. "ఎండింది" అన్నాడు, కొడుక్కి ఉద్యోగం వచ్చినవాడిలా.

ఎండిందంటే ఎండిందే. పడవలో కూర్చుంటే బల్లల సందుల్లోంచి ఊరంతా కనిపించేది. నా వేలు పట్టేంత సందులు. "చూశావా బాబాయ్, ఎండబెట్టబట్టి సందులన్నీ బయటపడ్డాయి. లేకపోతే కనపడకుండా దాక్కునేవి" అన్నాను. ఆయన నా తెలివికి తలూపాడు. డాక్టరమ్మ గారిచ్చిన కాగితంలో ఒక్కో సందుకి ఒక్కో సన్నని పోగు చాలని ఉంది. నాకది పిసినారి దొరల లెక్కలా కనిపించింది. మా ఇంటి మనిషి ఒక్క పోగు పెట్టి వదిలేస్తే తాత ఆత్మ ఏమనుకుంటుంది? చెక్క సుత్తి, చెక్క ఉలి పట్టుకుని పరుపు మూలలు కూరినట్టు కూరాను. పోగు మీద పోగు, దాని మీద ఇంకో పోగు. రెండు బస్తాల దూది తాగింది ఆ పడవ. నాన్న ఒకసారి వచ్చి చూసి, పిడికిలితో గుద్ది, చెయ్యి విదిలించుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మా నాన్న దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు. ఆ రాత్రి నాకు గర్వంతో అన్నం సహించలేదు.

పైన లప్పం పెట్టి, తెల్ల రంగు కొట్టి, వెనక 'చిట్టి' అని కొత్తగా రాయించాం. పాత తెరచాప ఎలకలు తినేశాయి కాబట్టి కొత్తది నాన్న కుట్టాడు. గట్టి గుడ్డంటే మా కొట్లో ఉన్నది ఒక్కటే, పరుపుల మీద వేసే నీలం చారల గుడ్డ. "నేను కుట్టిన కుట్టు మాత్రం ఊడదు. మిగతా సంగతి నాకు తెలీదు" అన్నాడు. ప్లీడరు గారు డాబా ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చి చూశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. మోకాళ్ళ నొప్పుల అక్కకి పడవేమిటన్నదే ఆయన బాధ. పడవ చుట్టూ తిరిగి, "బాగానే చేశారే" అన్నారు కాస్త దిగులుగా. డాబా ఆయన మాత్రం టేపు తీసి పొడవూ వెడల్పూ కొలుచుకుని, "రంగు బాగుందండి, మళ్ళీ కొట్టక్కర్లా" అన్నాడు. ఆ మాటకి డాక్టరమ్మ గారి మొహం చూసి నేను మొదటిసారి అనుమానంగా సందులన్నీ మళ్ళీ తడిమి చూసుకున్నాను.

ఆషాఢం చివర్లో పడవ కొత్తపట్నం చేరింది. సముద్రపు అలల మీదికి వద్దని, ఊరికి ఈవలున్న ఉప్పు కాలవలో దించాం. బండ్ల బాబాయి కొబ్బరికాయ కొట్టాడు. నాన్న పెదాలు కదిలిస్తూ ఏదో చదువుకున్నాడు. (మా పనితనం తెలిసినవాళ్ళు ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవడం సహజం.) పడవ నీళ్ళలో దిగింది, ఊగింది, తేలింది! చుక్క నీరు లోపలికి రాలేదు. నేను చొక్కా విప్పి గాల్లో తిప్పాను. అప్పటికే సాయంత్రం కావడంతో, "రేపు పొద్దున అక్కని ఎక్కించి అటు ఒడ్డుకి వెళ్ళి రండి. పడవ అక్కదేనని నలుగురి ముందూ నేనే చెప్తా" అన్నారు ప్లీడరు గారు. దాన్ని గట్టున గుంజకి కట్టేసి, గెలిచినంత సంబరంగా వెళ్ళి పడుకున్నాం.

తెల్లారి వచ్చి చూద్దుముగదా, పడవ ఒళ్ళు మారిపోయింది. నున్నగా ఉన్న పక్కలు ఉబ్బాయి. వేసిన లప్పం పెళ్ళలు లేచి, సందుల్లోంచి తెల్లటి దూది బయటికి పొంగుతోంది, చేలో పత్తికాయలు పగిలినట్టు. "దూది పువ్వేసింది" అన్నాడు బండ్ల బాబాయి అయోమయంగా. పడవ తొయ్యడానికి మాట్లాడిన తండేలు అప్పుడే వచ్చాడు. తండేలంటే పడవ నడిపే పెద్ద. డెబ్భై ఏళ్ళుంటాయి, ముందురోజు వేటకెళ్ళి మా వైభవం చూడలేకపోయాడు. పడవ పక్కనే కూర్చుని, పొంగిన దూదిని రెండు వేళ్ళతో లాగి చూశాడు.

"ఇది పెట్టిందెవరు?"

"నేనే" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"ఎంత పెట్టావ్?"

"రెండు బస్తాలు."

ముసలాయన చొక్కా విప్పి గట్టున పెట్టాడు. దాని మీద బీడీల కట్ట, దాని మీద అగ్గిపెట్టె పెట్టాడు. ఎందుకలా అని డాక్టరమ్మ గారు అడిగితే, "తడుస్తయ్యమ్మా" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఇయ్యాల ఎక్కొద్దమ్మా" అన్నాడు. ఆవిడ గట్టు మీదున్న తమ్ముణ్ణి చూశారు, పక్కనే టేపు పట్టుకుని నిలబడ్డ డాబా ఆయన్ని చూశారు. "పద" అన్నారు.

మోకాళ్ళు వంగవని పడవలో ప్లాస్టిక్కు కుర్చీ వేసి కూర్చోబెట్టాం. తండేలు గెడ వేసి తోశాడు. నేను పక్కన నిలబడ్డాను. బండ్ల బాబాయి ముందు కూర్చున్నాడు. పది గజాలు వెళ్ళామో లేదో, 'టప్' మంది. పక్కగదిలో ఎవరో అరటికాయ విరిచినట్టు. ఇంకో 'టప్'. బండ్ల బాబాయి కొట్టిన మేకులు ఒక్కోటీ ఊడుతున్నాయి.

"ఏమయ్యా, కాళ్ళ కింద నీళ్ళేమిటి?" అన్నారు డాక్టరమ్మ గారు.

"చెమ్మండి."

"చెమ్మ చీలమండ దాటిందయ్యా."

"కొత్త పడవ కదండీ, కాస్త..."

"డెబ్భై ఏళ్ళ పడవ!"

అంతలో పక్క బల్ల ఒకటి పైనుంచి కిందిదాకా విడిపోయింది. పడవ అదిరిపడకుండా, ఒరగకుండా, పెద్దమనిషి మంచం మీద మేను వాల్చినట్టు నిదానంగా కాలవ అడుక్కి కూర్చుంది. మొలలోతు నీళ్ళే కాబట్టి ఎవరికీ ప్రమాదం లేదు. డాక్టరమ్మ గారు ఛాతీదాకా నీళ్ళలో, కుర్చీలో నిటారుగా, హ్యాండుబ్యాగు నెత్తిన పెట్టుకుని కూర్చునే ఉన్నారు. చుట్టూ తెల్లగా దూది తేలుతోంది. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. బల్లల పగుళ్ళలో దాక్కున్న ఆ పాత కారం ఆ నీళ్ళలో నానింది. ముందు బండ్ల బాబాయి "అబ్బా" అన్నాడు. తర్వాత నేను. ఒళ్ళంతా భగ్గుమంది. ఎక్కడెక్కడ మండిందో రాయడం మర్యాద కాదు.

తండేలు మాత్రం నీళ్ళలో నిలబడి నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి (కారం కూడా కొంత కారణం కావచ్చు), "పడవని ఎండేశారా?" అని అడిగాడు. నెలా పది రోజులని చెప్పాడు బండ్ల బాబాయి. "ఓర్నాయనో! పడవేవన్నా మెరపకాయంట్రా ఎండెయ్యడానికి? చెక్క నీళ్ళు తాగితే లావైద్ది. అది లావవడానికి సందు ఉంచాలా. మీరు సందంతా దూదితో కుక్కి పెడితే అదెక్కడికి పోద్ది? మేకులు పీక్కుని బయటికే పోద్ది."

డాక్టరమ్మ గారు నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను. తిట్టుంటే హాయిగా ఉండేది. చాలా మామూలుగా, పేషెంటుని అడిగినట్టు అడిగారు.

"అబ్బాయ్, నిజం చెప్పు. నీకు పడవ పని వచ్చా?"

గట్టు మీద నాన్న ఉన్నాడు. ఊరివాళ్ళు నలుగురున్నారు. ఆవిడ వెనక పడవ అంచు ఒక్కటే నీళ్ళపైకి ఉంది. వాళ్ళ నాన్న పడవ. నా చేత్తోనే కూరి కూరి చంపాను. ఆ సిగ్గు నాకిప్పటికీ చల్లారలేదు.

"రాదండి" అన్నాను.

నా జీవితంలో అదే మొదటిసారి.

ఆవిడ గట్టుకేసి చూసి, "తమ్ముడూ, మాట ప్రకారం ఇక నీ ఇష్టం" అన్నారు. గొంతు మాత్రం ఎప్పటి గొంతు కాదు. ప్లీడరు గారు తల వంచుకుని డాబా ఆయన వైపు తిరిగారు. ఆయన అప్పటికే టేపు చుట్టేస్తున్నాడు. "నాకొద్దండి" అన్నాడు. "ఇంతమంది కళ్ళ ముందు మునిగిన పడవని గుమ్మం ముందు పెట్టుకుని యాపారం మొదలెట్టమంటారా? ముహూర్తం కూడా పెట్టించుకున్నాం. ఉచితంగా ఇచ్చినా వద్దు బాబూ!" అని, వెనక్కి కూడా చూడకుండా మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. చివరికి ప్లీడరు గారు ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగి, అక్కకి చెయ్యి అందించి, "మునిగిన పడవని ఇంకెవరూ కొనరులే. ఉంచుకో. ముందు లే అక్కా, జలుబు చేస్తుంది" అన్నారు. ఒక్క అడుగేశాక ఆయన కూడా "అబ్బా" అన్నారు.

పడవ ఆవిడకి దక్కిందిగాని, నీళ్ళ కింద దక్కింది. "ఇట్టాగే ఉండనీండి. తాగనీండి" అన్నాడు తండేలు. పన్నెండు రోజులు పడవని కాలవ అడుగునే వదిలేశాం. ఎండబెట్టడానికి పడ్డ కష్టమంతా నానబెట్టడానికి వెచ్చించడం చూసి బండ్ల బాబాయికి నిద్ర పట్టేది కాదు. తర్వాత పైకి లాగి, తాటాకు పందిరి కింద తడి గోనెలు కప్పి, తండేలు చెప్పినట్టల్లా చేశాం. ఊడిన బల్లలు బండ్ల బాబాయి మళ్ళీ బిగించాడు. నేను దూది పెట్టాను, ఈసారి అడిగి పెట్టాను. ముసలాయన పక్కనే కూర్చుని, రెండో పోగు అందుకోబోయినప్పుడల్లా నా మణికట్టు మీద గెడకర్రతో తాటించేవాడు. "ఆశ! ఆశ తగ్గించు. పోగు సందులో పడుకోవాలా, అంతే. మిగతాది చెక్కే చూసుకుంటది." ఒక్క సంచెడు దూది కూడా పట్టలేదు. రోజూ పనయ్యాక నా ఇరవై రెండేళ్ళ గర్వం ఇంకో సంచెడు, వాడని దూదిలా, బయట మిగిలిపోయినట్టుండేది.

భాద్రపదంలో ఒక పొద్దున, గాలి చక్కగా వీస్తుండగా, పడవని మళ్ళీ దించాం. ఒకరోజు, రెండురోజులు, వారం చూశాం. లోపల అరంగుళం నీళ్ళు ఊరి, అక్కడితో ఆగాయి. "చెక్క పడవకి ఆ మాత్రం ఉండాలా" అన్నాడు తండేలు. అప్పుడు డాక్టరమ్మ గారు ఎక్కారు. కుర్చీ వద్దన్నారు. నొప్పి మోకాళ్ళని మడిచి, వెనక చెక్క మీద కూర్చుని చుక్కాని ఆవిడే పట్టుకున్నారు. నాన్న కుట్టిన పరుపు చారల తెరచాప పైకి లేచింది. "మంచమేదిరా?" అని గట్టు మీద నుంచి ఎవరో అరిచారు. గాలి నిండగానే పడవ కదిలింది. నేను మగ్గు పట్టుకుని నీళ్ళు తోడే ఉద్యోగంలో ఉన్నాను. నాకు వచ్చిన పని అదొక్కటేనని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

కాలవ మధ్యకి వచ్చేసరికి పడవ ముక్కు ఎడమకి లాగడం మొదలెట్టింది. డాక్టరమ్మ గారు సరిచేశారు. మళ్ళీ లాగింది. బండ్ల బాబాయి నా వంక చూశాడు, నేనాయన వంక చూశాను. ఎక్కడో ఏదో బల్ల వంకరగా బిగించామన్నమాట. మళ్ళీ మా పనితనమే! క్షమాపణ ఎలా మొదలెట్టాలో వెతుక్కుంటూ ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ రెండు చేతులతో చుక్కాని ఒళ్ళోకి లాక్కుని, మాకు కాకుండా ఎదుటి ఒడ్డుకి చెబుతున్నట్టు మాట్లాడుతున్నారు.

"నాన్నగారు దీన్ని ఎంతమందికి చూపించారో. ఎవరి వల్లా కాలేదు. ఎప్పుడూ ఇలాగే ఎడమకి లాగేది. 'చిట్టీ, గట్టిగా పట్టుకో, అది అటే పోతానంటుంది' అనేవారు." ఆవిడ బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "ఇంకా లాగుతోందయ్యా. చూడు, ఇంకా అలాగే లాగుతోంది."

నేను నోరు తెరిచాను. "అదెంత పనండీ, సాయంత్రానికల్లా సరిచేసి పెడతా" అన్న మాట పెదాల దాకా వచ్చేసింది. ఎందుకో తెలీదు, మింగేసి మగ్గు పట్టుకుని నీళ్ళు తోడాను. ఇన్నేళ్ళలో నేను చెడగొట్టినవి చాలా ఉన్నాయి, బాగుచేసినవి కొన్ని ఉన్నాయి. ఆ వయసు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, జాలేస్తుంది. కానీ వాడు ముట్టుకోకుండా వదిలేసిన ఆ ఒక్క పని మాత్రం, నాకు చాలా బాగా వచ్చిందని చెప్పుకుంటాను.